చెప్పని తొమ్మిది రోజులు

ఫిబ్రవరి 4, మంగళవారం

మా రీసెర్చ్ పేపర్ అచ్చయింది. మొదటి పేరు మా ల్యాబ్ పెద్ద, సార్ అల్లుడిది. చివరి పేరు సార్‌ది. మధ్యలో ఇంకో నలుగురు, అందులో ఇద్దరి మొహాలు నేనెప్పుడూ చూడలేదు. నా పేరు వెతుక్కోవాల్సి వచ్చింది. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, కృతజ్ఞతల్లో ఉంది. కణాల పెంపకంలో సాయం చేసినందుకట. నా పక్కనే మైక్రోస్కోప్ రిపేరు చేసిన అతనికి కూడా థాంక్స్ చెప్పారు.

సాయం. ఆరేళ్ళు.

ఫిబ్రవరి 5

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. ఇవాళ మొత్తం రాసి పెట్టుకుంటాను. పేపర్లో ఎక్కడా లేదు కనక.

ఆ పని నాది. ఎలకల వెన్నుపూస పక్కన నరాల ముడులు ఉంటాయి, ఒక్కోటి ఆవగింజంత కూడా ఉండదు. వాటిలోంచి కణాలు తీసి డిష్‌లో బతికించడం చేతికి రావడానికే ఏడాది పట్టింది. సగం డిష్‌లకి మామూలుగా చక్కెర పోశాను. మిగతా సగానికి, షుగర్ ముదిరిన మనిషి రక్తంలో ఉండేంత. మొదట్లో అందరిలాగే నేనూ అనుకున్నాను, తిండి ఎక్కువున్న కణానికి ఓపిక కూడా ఎక్కువే ఉంటుందని. తలకిందులైంది. చక్కెరలో మునిగి ఉన్న కణమే నీరసంగా ఉంది.

ఎందుకో తెలుసుకోవడానికి ఇంకో మూడేళ్ళు. కణంలో తిండిని శక్తిగా మార్చే పొయ్యిల్లాంటివి ఉంటాయి, మైటోకాండ్రియాలు. శక్తి తగ్గుతున్నప్పుడు, ఉన్న పొయ్యిలు బాగుచేసుకోమని, కొత్తవి కట్టుకోమని కేకేసే ప్రోటీన్ ఒకటుంది. చక్కెర ఎప్పుడూ నిండుగా ఉంటే దానికి కేకేసే పని ఉండదు. నిద్రపోతుంది. పొయ్యిలు మసిబారి, ఒక్కొక్కటే చల్లారతాయి. పైకి తెలియదు. రోజువారీ పని నడిచిపోతూనే ఉంటుంది. మందు వేసి కణాన్ని ఒక్కసారి పరిగెత్తించి చూస్తే తెలుస్తుంది, అవసరానికని దాచుకున్న ఓపిక అప్పటికే లేదని. నా డిష్‌లలో అన్నిటికన్నా ముందు పోయింది ఆ దాచుకున్న ఓపికే. అది కొలిచింది నేను. నాలుగు వందల పన్నెండు డిష్‌లు.

మొదటి గ్రాఫ్ చూపిస్తే సార్ మెషిన్ పాడైందేమో చూడమన్నారు. మూడుసార్లు చూడమన్నారు. నాలుగోసారి గ్రాఫ్ తీసుకుని తన రూమ్‌కి వెళ్ళిపోయారు.

అల్లుడు పక్క బిల్డింగ్‌లో స్టాటిస్టిక్స్ చెప్తాడు. ఒక్క డిష్ ముట్టుకోలేదు. కణాలు పెంచే మా కల్చర్ రూమ్ తలుపు లాగాలో తొయ్యాలో కూడా తెలియదు. అతనికి ప్రమోషన్ కావాలి. మా లోకంలో పేపర్ మీద మొదటి పేరంటే, ఆ పని చేతుల్తో చేసిన మనిషని అర్థం.

ఫిబ్రవరి 7

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో తెలిసింది.

ఫిబ్రవరి 10

పేపర్ వచ్చిందని సార్ కేక్ తెప్పించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు ఊరికే ఉంటే బాగుండదని. అల్లుడు ఒక ముక్క ప్లేట్‌లో పెట్టి నాకు తనే తెచ్చిచ్చాడు. ఎంతో మర్యాద.

తర్వాత సార్ నా పక్కన కూలబడి, ఏమీ జరగనట్టే కబుర్లు మొదలుపెట్టారు. పోయినేడాదంతా అరికాళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండేవట. కొత్త బూట్లు కొన్నాక మొత్తం పోయిందట, దూది మీద నడిచినట్టుందట. షుగర్ తనకి బోర్డర్ దాటి ఎరగదట. అలా అంటూనే రెండో ముక్క తీసుకున్నారు.

ఆయన వంక తేరిపార చూశాను. ఇరవయ్యేళ్ళుగా నరాల మీద పనిచేస్తున్న మనిషి. మంట పోయిందంటే నరం బాగుపడిందని కాదు, చెప్పడం మానేసిందని. కొత్తగా చేరిన స్టూడెంట్లకి ఆ ముక్క చెప్పేది ఆయనే. కణమేమో వెన్ను దగ్గర ఉంటుంది. దాని దారమేమో కాలి బొటనవేలి దాకా పోతుంది, మీటరు పొడుగు. శక్తి తగ్గితే ఆ చివరకి ముందు అందదు. అందుకే చేతులకన్నా ముందు కాళ్ళు మొద్దుబారతాయి. బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్తారు.

సార్, ఒకసారి కాళ్ళు పరీక్ష చేయించుకోండి అని నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అల్లుడు వంగి, వచ్చే నెల కాన్ఫరెన్స్‌లో తను మాట్లాడాలని, బొమ్మలన్నీ నన్నే చేసి పెట్టమని అడిగాడు. సార్ నా బదులు తనే సరే అన్నారు.

నోరు మూసుకున్నాను.

ఫిబ్రవరి 13

ఇలాంటి ఫిర్యాదులు చూసే కమిటీ పెద్దని కలిశాను. ఆరేళ్ళ నోట్‌బుక్‌లు సంచీలో మోసుకెళ్ళాను, పద్నాలుగు. ఆయన పైన ఉన్న ఒక్కటి తెరిచి, రెండు పేజీలు తిప్పి, దస్తూరీ ముత్యాల్లా ఉందన్నారు. సార్ పెద్దమనిషన్నారు. ఏప్రిల్లో నా కాంట్రాక్టు రెన్యూవల్ ఉందని గుర్తు చేశారు. నేను మర్చిపోయినట్టు. కొంచెం సర్దుకోమన్నారు.

సంచీ మళ్ళీ మోసుకొచ్చాను. భుజం మీద పట్టీ అచ్చు పడింది.

ఫిబ్రవరి 15, శనివారం

ఏం చెయ్యొచ్చో ఆలోచించాను. అల్లుడి బొమ్మల్లో రెండు గీతలకి రంగులు తారుమారు చెయ్యొచ్చు. వేదిక మీద నిలబడి తప్పు చదువుతాడు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇంక్యుబేటర్ రెండు డిగ్రీలు పెంచి ఇంటికి రావచ్చు. గడ్డకట్టించి దాచిన కణాల సీసాలన్నీ బయట పెట్టేయొచ్చు, మధ్యాహ్నానికల్లా అంతా అయిపోతుంది.

కానీ అవన్నీ నేను పెంచినవే. నా చేతుల్తో నేనే చంపాలి. అందులో ఆయనకి తగిలేదేముంది?

సాయంత్రం అమ్మ కాళ్ళు చూశాను. రోజూ చూస్తాను. అమ్మా నేనూ ఇద్దరమే ఈ ఇంట్లో. అమ్మకి షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్ళు. సోఫాలో కూర్చుని, టీవీ చూస్తూ, ఒక కాలు తర్వాత ఒక కాలు నా ఒళ్ళో పెడుతుంది. వేళ్ళ సందుల్లో, మడమ కింద, అన్నీ చూస్తాను. ఏమైంది అలా ఉన్నావని అడిగింది. పేపర్ సంగతి చెప్పాను. టీవీ కట్టేసింది. ఆ అల్లుడు సన్నగా ఉంటాడా లావుగా ఉంటాడా అని మాత్రం అడిగింది, తిట్టుకోవడానికి మొహం కావాలట.

ఫిబ్రవరి 18, మంగళవారం, మధ్యాహ్నం 3.40

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కల్చర్ రూమ్‌లోకి బూట్లతో రాకూడదు. గుమ్మం దగ్గర విప్పేసి అక్కడుండే రబ్బరు చెప్పులు వేసుకోవాలి. సార్‌కి ఎవరో వేసుకున్నవి వేసుకోవడం ఇష్టం ఉండదు, మేజోళ్ళతోనే వచ్చేస్తారు. రెండున్నరకి నా చేతిలోంచి పిపెట్, సన్నటి గాజు గొట్టం, జారి నేల మీద పగిలింది. బ్రష్ తెద్దామని లేచాను. ఈలోపు సార్ లోపలికి వచ్చేశారు. అల్లుడి స్లయిడ్లు ఎంతవరకూ వచ్చాయని అడుగుతూ సరాసరి ఆ గాజు మీద అడుగు వేశారు.

చప్పుడు విన్నాను. కరుక్కుమంది.

ఆయన ఆగలేదు. మాట కూడా ఆగలేదు. మూడో స్లయిడ్‌లో అక్షరాలు పెద్దవి చెయ్యమన్నారు. చివర్లో థాంక్స్ స్లయిడ్‌లో నా ఫోటో కూడా పెడదామన్నారు, నవ్వుతూ. ఎడమ మేజోడు కింద నుంచి తడి పాకుతోంది. ముదురు రంగు మేజోడు, చూసేవాళ్ళకి నీళ్ళనుకోవచ్చు. అడుగు తీసిన చోట నేల మీద ఎర్రగా, ఉంగరమంత.

నేను చూశాను. ఆయన మొహం చూశాను, మళ్ళీ కాలు చూశాను. ఆ మొహానికీ ఆ కాలికీ సంబంధం లేదు.

ఫోటో మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

సరే సార్ అన్నాను. ఆయన వెళ్ళి గుమ్మం దగ్గర బూట్లు వేసుకున్నారు. నేను స్పిరిట్‌తో నేల తుడిచాను. గాజు ముక్కలు ఏరి, పక్కపక్కన పేర్చి చూశాను. ఒక ముక్క తక్కువైంది. చివరి మొన.

నేనేమీ చెయ్యలేదు. అడుగు వేసింది ఆయనే.

ఫిబ్రవరి 19

ఇంట్లో మేజోళ్ళు విప్పినప్పుడు చూసుకునే ఉంటారు. చూసుకోకపోతే అది నా తప్పు కాదు.

ఫిబ్రవరి 20

చూసుకోలేదు.

ఇవాళ కల్చర్ రూమ్‌కి వచ్చారు. ఎడమ కాలు వేసినప్పుడల్లా టైల్ మీద టిక్ మంది. గాజు ఇంకా లోపలే ఉంది. కుడి కాలు మెత్తగా, ఎడమ కాలు టిక్. ఆయనకి వినబడలేదు, చెవులు కూడా అంతంతమాత్రమే. నాకు వినబడింది. పదకొండు సార్లు.

లెక్కపెట్టాను. అది కూడా రాస్తున్నాను, దాచుకోను.

ఫిబ్రవరి 21

మేడమ్ లంచ్ బాక్స్ ఇవ్వడానికి వచ్చారు. సార్ భార్య. మంచావిడ, ల్యాబ్‌లో అందరి పేర్లూ గుర్తుపెట్టుకుంటారు. ఈయన ఇంట్లో కూడా మేజోళ్ళు తియ్యరని, కాళ్ళు చల్లగా ఉంటాయంటారని నవ్వుతూ చెప్పారు. పొట్ట అడ్డొచ్చి తన కాళ్ళు తనే చూసుకోలేరని వేళాకోళం చేశారు. సార్ కూడా నవ్వారు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. మేడమ్ చెవిన వేసినా చాలు. ఆవిడతో నాకేం పగ?

బాక్స్ తీసుకుని టేబుల్ మీద పెట్టాను. అంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం

సెలవు. అయినా ఆయన కాలి గురించే ఆలోచిస్తున్నాను. ఇవాళ్టికి చుట్టూ వాచి ఉంటుంది. నొప్పి లేదు కనక తిరుగుతూనే ఉంటారు. నడిచినకొద్దీ ముక్క లోపలికి దిగుతుంది. మామూలు మనిషైతే మొదటి నిమిషంలోనే కుంటేవాడు, ఆ కుంటడమే కాపాడేది. చక్కెర ఎక్కువైన ఒంట్లో పుండు మానదు కూడా.

ఇదంతా నాకు ఎలా తెలుసు? ఆరేళ్ళు ఆయన దగ్గర సాయం చేశాను కదా.

ఫిబ్రవరి 24

అల్లుడి స్లయిడ్లు పూర్తి చేశాను. రంగులు తారుమారు చెయ్యలేదు. అవసరం లేదనిపించింది.

ఫిబ్రవరి 25

సార్ మొహం ఎర్రగా ఉంది. జలుబు చేసినట్టుంది, ఒళ్ళు వెచ్చబడిందన్నారు. ఎవరో మాత్ర ఇచ్చారు. నేను మంచినీళ్ళ గ్లాసు అందించాను. థాంక్స్ చెప్పారు. ఈ నెలలో ఇది రెండో థాంక్స్.

ఫిబ్రవరి 26

అమ్మతో చెప్పేశాను. మోయలేకపోయాను.

అమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలనే చెప్పానేమో. అమ్మ తన కాలు నా ఒళ్ళోంచి తియ్యకుండానే మొత్తం వింది. ఊరుకో, నీకేం పట్టింది అంది. నీ కడుపు కొట్టినవాడి కాలు నువ్వెందుకు చూడాలి అంది. అమ్మ అంత గట్టిగా మాట్లాడటం నేను చూడలేదు. నాకు బలం రావాలి. రాలేదు. ఎదుటివాళ్ళ నోట వింటే ఆ మాట వేరేలా ఉంది.

కాసేపయ్యాక అమ్మే అడిగింది, వాసన వస్తోందా అని. పాలు విరిగాయా అని అడిగినంత మామూలుగా. ఇంకా లేదన్నాను.

"వాసనొచ్చాక చెప్పినా ఒకటే, మానేసినా ఒకటే," అంది. రెండో కాలు పెట్టింది.

ఫిబ్రవరి 27, గురువారం, సాయంత్రం 6.00

ఉదయం ఆయన రూమ్ తలుపు తీయగానే వచ్చింది. తియ్యగా, కుళ్ళు పండులాగా.

అల్లుడు కూడా ఉన్నాడు, కాన్ఫరెన్స్ ఉపన్యాసం రిహార్సల్ చేస్తున్నాడు. ఎలక అయ్యుంటుందని, ఎక్కడో గోడలో చచ్చి ఉంటుందని కిటికీ తెరిచాడు. నేను తలుపు దగ్గరే నిలబడి, ఎడమ కాలు ఒకసారి చూపించమని సార్‌ని అడిగాను. ఇద్దరూ నా వంక చూశారు.

గాజు గుచ్చుకుందని చెప్పాను. ఎప్పుడని చెప్పలేదు.

సార్ నవ్వారు. ఆ నవ్వు నేను ఊహించలేదు. నేను కమిటీకి వెళ్ళిన సంగతి తనకి తెలుసన్నారు, పెద్దాయన అదే రోజు ఫోన్ చేసి చెప్పారట. నా కోపం తనకి అర్థమైందన్నారు. కానీ ఇలా భయపెట్టి ఏం సాధిద్దామని అన్నారు. అల్లుడు మర్యాదగా, నన్ను బయటికి వెళ్ళమన్నాడు.

తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. విప్పిన రోజు నమ్మేవాళ్ళు లేరు.

"నాకు నొప్పే లేదు కదా," అన్నారు సార్.

"లేదు కనకే చూపించమంటున్నాను."

ఆ మాటకి మాత్రం ఆయన ఆగారు. ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పిన మనిషి. మొహంలో ఏదో కదిలింది. నేను ఇంక అడగలేదు. వెళ్ళి నేల మీద కూర్చుని బూటు లేసులు విప్పాను. ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. బూటు రాలేదు, లాగాల్సి వచ్చింది. మేజోడు అరికాలికి అతుక్కుపోయి ఉంది. బాటిల్లోని నీళ్ళు పోసి తడిపి, అంగుళం అంగుళం ఊడదీశాను. వాసనకి అల్లుడు కిటికీ దగ్గరికి పరిగెత్తి బయటికి వాంతి చేసుకున్నాడు.

రెండు వేళ్ళు నల్లగా. వాటి కింద అరికాలు మెత్తబడిపోయి, మధ్యలో గాజు మొన మెరుస్తోంది. చీలమండ దాకా ఎర్ర చార.

సార్ పొట్ట నొక్కుకుని వంగి చూశారు. ఎవరిదో కాలు చూసినట్టు చూశారు. చూపుడు వేలితో నల్లటి వేలిని నొక్కారు. మళ్ళీ నొక్కారు.

"నాకు తెలియట్లేదు," అన్నారు. నాతో కాదు.

అల్లుడి కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. వెనక సీట్లో ఆయన కాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంకెలా పట్టుకోవాలో నాకు తెలియదు.

ఫిబ్రవరి 28

ఆపరేషన్ అయింది. రెండు వేళ్ళు, అరికాల్లో కొంత తీసేశారు. షుగర్ మూడు వందల తొంభై ఉందట. బోర్డర్.

ఇంకో రెండు రోజులు ఆగితే చీలమండ దాకా పోయేదని సర్జన్ చెప్పాడు. నేను ఆయన్ని కారిడార్‌లో పట్టుకుని, మొదటి రోజే వచ్చి ఉంటే ఎలా ఉండేదని అడిగాను. కడిగి, గాజు లాగి, టెటనస్ ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఇచ్చి మధ్యాహ్నానికి ఇంటికి పంపేసేవాణ్ణన్నాడు. వేళ్ళకి ఏమీ అయ్యేది కాదన్నాడు. ఎందుకడుగుతున్నానో అడగలేదు.

సంతోషం వస్తుందేమోనని కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. వచ్చింది. కొద్దిసేపే, వేడి టీ గుటక దిగినంతసేపు. రాలేదని రాస్తే అబద్ధం.

తర్వాత మేడమ్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. మేజోడు మీద మరక చూసి బూటు పాలిష్ అనుకున్నానని ఏడ్చారు. నువ్వు లేకపోతే ఆయన కాలు పోయేదన్నారు. చేతులు విడిపించుకోవడానికి నాకు ఏ వంకా దొరకలేదు.

మార్చి 6

ల్యాబ్‌లో అందరూ నన్ను దేవతని చేశారు. కమిటీ పెద్ద లిఫ్ట్ దగ్గర ఆగి నమస్కారం పెట్టాడు. నాలో ఉన్న మానవత్వం గురించి ఎవరో మెయిల్ పంపారు, అందరికీ కాపీ పెట్టి.

ఎవరు పొగిడినా అక్కడ టిక్ మని వినబడుతోంది.

మార్చి 15

సార్ రమ్మన్నారని హాస్పిటల్‌కి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు, ఎడమ కాలు దిండు మీద, కట్టు పెద్దగా ఉంది. బాగా చిక్కిపోయారు. కుర్చీ చూపించారు.

పేపర్‌కి దిద్దుబాటు పంపిస్తానన్నారు. మొదటి పేరు నాది చేస్తారట. అల్లుడికి నచ్చజెప్తారట. నా కాలు నిలబెట్టావు, దానికి ఇదెంత అన్నారు. నిజంగానే అన్నారు, నటన కాదు.

ఆరేళ్ళుగా నేను కోరుకున్నది ఆయన నోటి వెంటే వచ్చింది. లేచి దణ్ణం పెట్టి రావాలి. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, మొదటి రోజు కన్నా ఎక్కువగా. నాలుగు వందల పన్నెండు డిష్‌లకి ఇవ్వని పేరు, ఒక మేజోడు విప్పినందుకు ఇస్తున్నారు. అది బహుమతి. నాది నాకు బహుమతిగా ఇస్తున్నారు.

ఆలోచించి చెప్తానని వచ్చేశాను. ఆయనకి అర్థం కాలేదు.

మార్చి 17

ఊరుకుంటే పేరు వస్తుంది. చెప్తే రాదు. అంతే సంగతి. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నానని అమ్మ విసుక్కుంది.

మార్చి 19, ఉదయం 11.15

చెప్పేశాను. హాస్పిటల్ ఎదురుగా బస్ స్టాప్‌లో కూర్చుని రాస్తున్నాను.

మేడమ్ మందులు తేవడానికి కిందికి వెళ్ళారు. ఆయన, నేను. కుర్చీలో కూర్చోలేదు.

"గాజు గుచ్చుకున్నప్పుడే నేను చూశాను సార్. పద్దెనిమిదో తారీకు. మీకు చెప్పింది ఇరవై ఏడున."

ఆయన పెదాలు కదిలాయి, లెక్కపెట్టుకుంటున్నారు.

"మర్చిపోయావా?"

"లేదు. కావాలనే చెప్పలేదు."

ఎందుకని అడుగుతారనుకున్నాను. అడగలేదు. దిండు మీదున్న కట్టు వంక చూస్తూ ఉండిపోయారు.

నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. ఇంటి దగ్గర పదిసార్లు అనుకున్న మాటలు, అయినా తడబడ్డాను.

"నేను మీ కాలు కాపాడలేదు. కాబట్టి దానికి బదులుగా నాకేమీ ఇవ్వకండి. ఆ పని ఎవరిదో అది మాత్రం రాయండి. రాయకపోతే మానేయండి. మీ ఇష్టం."

బయటికి వెళ్ళమన్నారు. గట్టిగా అనలేదు. నేను తలుపు దాకా వచ్చాక, మేడమ్‌కి మాత్రం చెప్పొద్దన్నారు. అది ఎవరి కోసమో తెలియలేదు.

రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

మార్చి 20

అమ్మ నాతో మాట్లాడటం లేదు. చేతికొచ్చింది నేలపాలు చేసుకున్నానట. కాళ్ళు మాత్రం తెచ్చి ఒళ్ళో పెట్టింది.

మార్చి 28

ఏ కబురూ లేదు. పోలీసులు వస్తారా అని ఒకరోజు, ఉద్యోగం పోతుందా అని ఒకరోజు అనుకుంటున్నాను. కాన్ఫరెన్స్‌కి అల్లుడు వెళ్ళలేదట, ఒంట్లో బాగాలేదని రాశాడట.

ఏప్రిల్ 3

జర్నల్ నుంచి మెయిల్. సార్ చేత్తో రాసి పంపిన ఉత్తరం ఫోటో కింద అతికించి, నా అభిప్రాయం అడిగారు. ఉత్తరం ఏడు లైన్లు. ప్రయోగాలు ఆలోచించింది, చేసింది, కొలిచింది, అర్థం చెప్పింది నేనేనని రాశారు. అల్లుడి పేరు ముందు పెట్టింది తనేనని, తప్పు తనదేనని రాశారు. నా పేరుకి ఒక అక్షరం తప్పు రాసి, కొట్టేసి, సరిగ్గా రాశారు. కాలి గురించి ఒక్క ముక్క లేదు. కృతజ్ఞత అన్న మాట ఎక్కడా లేదు.

నాలుగుసార్లు చదివాను. ఏడుపు వచ్చింది. నేను గెలిచినందుకో, ఆయన గెలిచినందుకో తెలియలేదు.

ఏప్రిల్ 9

కాంట్రాక్టు రెన్యూ కాలేదు. కాగితం మీద సార్ సంతకం ఉంది. కారణం రాసే చోట ఖాళీగా వదిలేశారు.

నేను కోరినట్టే, ఒకదానికి ఒకటి బదులు ఇవ్వలేదు. దేనికదే ఇచ్చారు.

ఏప్రిల్ 14

సామాను సర్దుకున్నాను. నోట్‌బుక్‌లు ల్యాబ్‌వి, వదిలేసి రావాలి. ఇంక్యుబేటర్ తెరిచి ఒకసారి చూసి మూశాను. దిద్దుబాటు ఇవాళే అచ్చయింది. మొదటి పేరు నాది. ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యలేదు. అమ్మ ప్రింట్ తీయించమంది. తన మందుల డబ్బా కింద పెట్టుకుంది.

క్షమించానా అని ఎవరైనా అడిగితే, లేదు. నేను ఆయన్నీ లేదు, ఆయన నన్నూ లేదు.

మే 6

మేడమ్ ఫోన్ చేశారు. సార్ కుడి కాలు ఎవరినీ చూడనివ్వట్లేదట. రెండుసార్లు నర్సుని వెనక్కి పంపారట. నన్ను పిలవమన్నారట.

వెళ్ళాను. కుర్చీలో కూర్చుని కాలు చాపారు. వేళ్ళ సందులు, మడమ, అరికాలు చూశాను. చిటికెన వేలి కింద చిన్న ఎర్ర మచ్చ. ఉందని చెప్పాను. ఎప్పటినుంచి ఉందని అడిగారు. ఇవాళ్టిదేనన్నాను.

నమ్మారు.

రేపు కూడా రమ్మన్నారు. ఆలోచించి చెప్తానన్నాను.